బాప్తిస్మపు తొట్టిలో గుల్ల అమీబా

విజయనగరం
12 జూన్ 2023

పెదనాన్నగారికి, పెద్దమ్మకి రూబీ వందనాలు.

మేమంతా క్షేమం. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని పెద్దమ్మ నవ్వుతుందని తెలుసు. ఫోనులో చెప్తే మీరు ఆఁ ఆఁ అంటారు. పెట్టేశాక మీ సొంతం కొంత కలిపి పేటంతా చాటిస్తారు. కాగితం మీద రాసిస్తే ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు కదా, అందుకని.

మే నెలలో విక్టర్ అన్నయ్య కూతురు స్వర్ణ బాప్తిస్మానికి వచ్చినప్పుడు, నేను గుడి వెనక బాప్తిస్మపు తొట్టి మెట్ల మీద కూర్చుని చెంచాతో పాకుడు గోకుతుంటే మీరు కసిరారు. "లెక్చరరువయ్యుండి ఆ పాసి గోకడమేటే, జనాలు సూత్తన్నారు" అన్నారు. ఆ పాకుడు సంగతే ఇది.

దాన్ని సీసాలో వేసి కాలేజీకి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. అందులో గుల్ల అమీబాలు ఉన్నాయి పెదనాన్నా. ఒకే ఒక్క కణం ఉన్న జీవి. కానీ ఇల్లు లేకుండా ఉండదు. నీళ్ల అడుగున ఇసుక రేణువులు ఏరుకుని, తన జిగురుతోనే అతికించి, చిన్న కుండలాంటి గుల్ల కట్టుకుని అందులో కాపురం ఉంటుంది. మన చెరువుల్లో, పొలాల గట్ల మీద నాచులో ఇలాంటివి చాలానే ఉంటాయి. నేను కొన్నేళ్లుగా వాటినే చూస్తున్నాను. కానీ మన తొట్టిలో దొరికిన రకాన్ని ఇంతవరకు ఏ పుస్తకంలోనూ చూడలేదు. గుల్లకి మెడ పక్కన ఒక కొమ్ము ఉంది. మీ ఇంట్లో ఇత్తడి కొమ్ముచెంబు ఉండేది చూడండి, అచ్చం ఆ తీరు.

దొరికినవన్నీ ఖాళీ గుల్లలే. బతికున్నవి కావాలి. మెట్ల మూలన కొంచెం పాకుడు తీసి, తొట్టి నీళ్లతోనే ఒక సీసాలో పోసి, అన్నయ్య వ్యాను ఇటు వచ్చినప్పుడు పంపించండి. మూత గట్టిగా బిగించవద్దు.

పెద్దమ్మ మోచేతి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ
రూబీ


పాతపట్నం
25 జూన్ 2023

మోకాళ్లు తప్ప మిగతా ఒళ్లంతా దేవుని దయవల్ల బాగానే ఉన్న పెదనాన్న, రూబీని దీవించి వ్రాయునది.

అమ్మా, ఎంత పని చేశావు! నీ ఉత్తరాన్ని భీమశంకరరావు కొట్టు దగ్గర విప్పి, అలవాటు కొద్దీ గట్టిగా చదివాను. కొట్టు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. తొట్టి అని చదివాను, అమీబా అని చదివాను. అప్పుడు నోరు మూసుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది. శంకరరావు పప్పు తూస్తున్నవాడు తూయడం ఆపేసి, "ఏటి కాంపౌండరుగారూ, మీ తొట్టిలో ములిగితే పాపాలు పోతాయన్నారు గానీ, ఇరేసనాలు ఒత్తాయని సెప్పనేదేటి?" అన్నాడు. ఒకటే నవ్వులు.

నేను మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగమంతా ఆ అమీబాతోనే పోరాడినవాణ్ణి. జిగట విరేచనాలతో పిల్లలు తోటకూర కాడల్లా వేలాడిపోతూ వచ్చేవారు. ల్యాబులో అమీబా అని చీటీ రాగానే ఈ చేత్తోనే మందు కట్టేవాణ్ణి. వానలు పడ్డాయంటే బావి బావికీ తిరిగి బ్లీచింగు కొట్టించేవాణ్ణి. అలాంటి నేను సంఘపెద్దగా ఉన్న గుడిలో, నా మనవరాలు మునిగిన తొట్టిలో అమీబా ఉందని మన పిల్లే కాగితం మీద రాసి పంపితే నా తల ఎక్కడ పెట్టుకోను?

పాకుడు పంపను. ఈ మాట ఇంకెవరితోనూ అనవద్దు. పాస్టరుగారికి తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు. నువ్వు ఆ నీళ్లలో చెయ్యి పెట్టావు కనుక విక్టర్ చేత మెట్రోనిడజోల్ బిళ్లలు పంపిస్తున్నాను. అన్నం తిన్నాక వేసుకో. నోరు చేదుగా ఉంటుంది, భయపడకు.

మీ పెద్దమ్మ జ్ఞానసుందరి మోచెయ్యి బాగానే ఉంది. చేపల పులుసు కలిపేటప్పుడు మాత్రం నొప్పి అంటుంది, అప్పుడు నేను కలపాలి.

మీ పెదనాన్న
బి. జీవరత్నం


విజయనగరం
9 జూలై 2023

ప్రియమైన పెదనాన్నకి,

బిళ్లలు అందాయి. వేసుకోలేదు. మీ చేతి చీటీ అంటించిన పొట్లం కదా, పారెయ్యడానికి మనసొప్పక బీరువాలో దాచాను.

పెదనాన్నా, మీరు చంపిన అమీబా వేరు, ఇది వేరు. అది మనిషి పేగుల్లో చేరి నెత్తురు తాగేది. ఇది ఎవరి జోలికీ రాదు. నీళ్లలో కంటికి కనపడని నాచు తిని బతుకుతుంది. మురుగులో ఇలాంటివి బతకలేవు. కాబట్టి శంకరరావు బాబాయిగారితో నా మాటగా చెప్పండి, మన తొట్టి నీళ్లు మంచివి గనుకనే ఆ జీవి అక్కడ ఇల్లు కట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గుల్లల ఫొటోలు కోల్‌కతాలో ఉండే డాక్టర్ అనూరాధ గారికి పంపాను. ఆవిడది మన విజయనగరమే, గుల్ల అమీబాల మీద దేశంలో ఆవిడ మాటంటే మాట. "ఇలాంటిది నేనూ చూడలేదు" అని జవాబు రాశారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. మా డిపార్టుమెంటు హెడ్ విజయ్‌కుమార్ గారు మాత్రం ఒప్పుకోవడం లేదు. "కొమ్మూ లేదు, గిమ్మూ లేదమ్మా. ఏదో ముక్క వచ్చి గుల్లకి అంటుకుంది" అంటారు. ఆయన చెడ్డవారు కాదు, రుజువు కావాలంటున్నారు, అంతే. ఆ కొమ్ము ఆ జీవి తనంత తాను కట్టుకునేదేనని చూపించాలి. ఖాళీ గుల్లలతో ఆ పని జరగదు. బతికున్నది దొరకాలి, అది పిల్లని పెడుతుండగా చూడాలి. అప్పుడు అది కొత్త జాతి అవుతుంది. నేను కనుక్కున్నది అవుతుంది. ఇన్నాళ్లూ ఎవరో రాసిన పాఠాలు చెప్పుకుంటూ వచ్చాను పెదనాన్నా. ఇది ఒక్కటి నాది.

అనూరాధ గారు సెప్టెంబరు మొదట్లో మన వైపు వస్తున్నారు. ఆవిడా, విజయ్‌కుమార్ గారూ, నేనూ ముగ్గురం కలిసి పాతపట్నం వస్తాం. స్వయంగా తొట్టి చూస్తారట. అంతవరకు తొట్టిని జాగ్రత్తగా చూసుకోండి. ఆ భారం మీదే.

మీ
రూబీ


పాతపట్నం
20 ఆగస్టు 2023

ఛాతీ ఒక అంగుళం పెరిగి చొక్కా బిగుతైపోయిన పెదనాన్న, రూబీకి ఆశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరం ఆదివారం ఆరాధనలో, ప్రకటనల వేళ నిలబడి చదివాను. ఒక్క అక్షరం కలపలేదు. పాస్టరుగారు "దేవుడు అల్పమైన వాటిలో తన మహిమ దాచాడు" అని దాని మీదే ప్రసంగం అందుకున్నారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరూ తొట్టి చుట్టూ మూగి వంగి వంగి చూశారు. దుర్గాభవాని అని మన వీధి చివరి టైలరు, ఆవిడ గుడికి రాదు గానీ ఆ రోజు వచ్చి, "ఏదీ, నాకు సూపించండి" అని పట్టుబట్టింది. కంటికి కనపడదమ్మా అంటే నమ్మలేదు.

శంకరరావు కొట్టుకి వెళ్లి మంచి నీళ్ల సంగతి నీ మాటగా చెప్పాను. వాడు విని, "మా పిల్లలు ఇంత సదివారు గానీ, ఒక్కడూ ఒక పురుగునైనా కనిపెట్టనేదు" అని అరకేజీ జీడిపప్పు పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. నీకు పంపుతున్నాను.

తొట్టి భారం నాదే అన్నావు కదా. నువ్వు అలా రాశాక ఊరుకుంటానా? కోల్‌కతా నుంచి పెద్దావిడ వస్తోంది, మీ హెడ్ వస్తున్నాడు. వాళ్ల ముందు నీకు తలవంపులు రాకూడదు. ఎప్పుడూ బాప్తిస్మాలకి ముందు పైపైన తుడిచి నీళ్లు మార్చేవాళ్లమే గానీ, ఆ మూలలు ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఈసారి నేనే దగ్గరుండి నీళ్లన్నీ తోడించి, ఆడ కూలీల చేత మెట్ల సందుల్లో పాకుడంతా గోకించాను. ఆ తర్వాత కొబ్బరి పీచుతో, బ్లీచింగు పౌడరుతో గోడలు తెల్లగా వచ్చేదాకా రుద్దించాను. బ్లీచింగు పాళ్లు చూసి నేనే కలిపాను, ఆ పని ఇంకొకరికి చేతకాదు. బయటి గోడకి సున్నం వేయించాను. కొత్తగా బోరు నీళ్లు పట్టించాను. ఇప్పుడు అడుగున పావలా కాసు పడినా కనపడుతుంది. నీ జీవులు ఇక ఏ అడ్డూ లేకుండా స్పష్టంగా అగుపిస్తాయి.

వాళ్లు భోజనం మన ఇంట్లోనే చేయాలి. అనూరాధ గారు చేపలు తింటారో లేదో కనుక్కుని రాయి. బంధువుల చేత భావనపాడు నుంచి తెప్పిస్తాను.

గర్వంతో
మీ పెదనాన్న
బి. జీవరత్నం


విజయనగరం
27 ఆగస్టు 2023

పెదనాన్నా,

అవన్నీ చచ్చిపోయాయి.

మీరు కడిగింది మురికి కాదు, వాటి ఊరు. ఆ పాకుడులోనే అవి ఉండేది. బ్లీచింగు తగిలితే ఏ అమీబా బతుకుతుంది? ఆ సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు? గుడి బావి నీళ్లు నేను మేలోనే పట్టి చూశాను, అందులో అవి లేవు. మన చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకలేదు. ఆ ఒక్క తొట్టిలోనే ఉన్నాయి.

జాగ్రత్తగా చూసుకోమన్నాను. ముట్టుకోవద్దని విడిగా రాయాలని నాకు తోచలేదు. అంత మాత్రం తెలుస్తుందనుకున్నాను.

అనూరాధ గారిని రావద్దని రాశాను. ఏమని రాశానో అడగకండి. మా పెదనాన్న సున్నం వేయించి, చేపలు తెప్పించి మీ కోసం ఎదురుచూస్తున్నారు, జీవులు మాత్రం లేవు అని రాయాల్సింది. సిగ్గేసి, నాకు ఒంట్లో బాగాలేదని అబద్ధం రాశాను. విజయ్‌కుమార్ గారు "పోనీలేమ్మా" అన్నారు. ఆ మాటే భరించలేకపోయాను.

మీకు నా మీద గర్వమని తెలుసు. మీ గర్వమే నన్ను ముంచింది.

రూబీ


పాతపట్నం
24 సెప్టెంబరు 2023

అమ్మా రూబీ,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. నా చేతికి వచ్చిన ఉత్తరాల్లో అలాంటిది ఇదొక్కటే. మీ పెద్దమ్మ నా ముఖం చూసి లాక్కుని చదువుకుంది. "ఆ పిల్ల సెప్పిందేటి, మీరు సేసిందేటి? పెద్దోలొత్తన్నారని పెల్లికూతురికి గుండు సేయించినట్టు సేసినారు" అంది. రెండు పూటలు ఆవిడే పులుసు కలుపుకుంది.

నాకు కోపం కూడా వచ్చింది తల్లీ, దాచను. నా ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే, అమీబా కనపడితే చంపాలి. చంపకూడని అమీబా కూడా ఒకటుంటుందని ఈ వయసులో నాకు ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావు, నేను విన్నాను, చేతులు మాత్రం వినలేదు.

తర్వాత ఒకటి తోచింది. బ్లీచింగు కొట్టింది గోకిన తర్వాత. మరి గోకిన పాకుడు ఏమైంది? అది బ్లీచింగు చూడలేదు కదా!

ఆదివారం లేచి నిలబడి, పాకుడు ఎవరు తీసుకెళ్లారని అడిగాను. గుడిలో ఎవరూ పలకలేదు. పలకవలసిన మనిషి గుడిలో లేదు. తొట్టి గోకడానికి కూలికి వచ్చిన గున్నమ్మ, వెనక వీధిలో ఉంటుంది. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. నేను గోడ దగ్గరికి రాగానే దొంగతనం పట్టుకోవడానికి వచ్చానని భయపడింది.

"అంత బలవైన పాసి బాబూ, పారబోత్తారేటి? గంపకెత్తుకొచ్చి నా బచ్చలిపాదుకి ఏసీసినాను. మీరొద్దంటే ఎత్తీసి ఇచ్చీగలను."

"వొద్దే తల్లీ, ముట్టుకోకు. అదలా ఉండనీ. దాని మీద బ్లీచింగేటైనా పడ్డాదా?"

"నేదు బాబూ. మీరా తెల్ల నీళ్లు కలపకముందే నాను ఎల్లిపోనాను. ఆ వాసన నాకు పడదు."

అమ్మా, ఆ మాట విని నేను ఆ బచ్చలిపాదు పక్కనే చతికిలబడ్డాను. గున్నమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

గున్నమ్మ పాదు కూలిపోయిన ఇటుక గోడ పక్కన ఉంది. మట్టంతా ఎర్ర ఇటుక పొడి. పాకుడు ఎండి పెచ్చులు కట్టింది గానీ అడుగున ఇంకా తడి ఉంది. రోజూ నీళ్లు పోస్తుంది కాబట్టి అలా ఉంది. పాదు నాలుగు వైపుల నుంచీ చెంచాతో తీసి సీసాల్లో వేశాను. మందు సీసాలకి అంటించినట్టు ఒక్కోదానికీ చీటీ అంటించాను: ఎక్కడిది, ఏ రోజు తీసింది, ఎవరు తీశారు. సీసాలు ఉడకబెట్టలేదు. పెద్దమ్మ దగ్గరుండి ఉడకబెట్టనివ్వలేదు. నీళ్లు కూడా పాదు దగ్గర గున్నమ్మ కుండలో పట్టుకున్న వాననీళ్లే పోశాను. మూతలు వదులుగా పెట్టాను. విక్టర్‌ని గుంతల్లో వ్యాను మెల్లగా పోనివ్వమన్నాను. వాడు వింటాడో లేదో.

దొరికితే రాయి. దొరక్కపోయినా రాయి.

పెదనాన్న


విజయనగరం
15 అక్టోబరు 2023

నా ప్రియమైన పెదనాన్నకి, పెద్దమ్మకి,

బతికే ఉన్నాయి!

ఈ మాట ముందు రాయకుండా నాకు చెయ్యి ఆడదు. బతికే ఉన్నాయి పెదనాన్నా. ఇలాంటి జీవులకి కష్టకాలం వస్తే గుల్ల నోరు మూసుకుని, లోపల ముడుచుకుని పడుకుంటాయి. తడి తగిలి, తిండి దొరికితే మళ్లీ లేస్తాయి. మీ సీసాల్లోని మట్టిని పళ్లేల్లో వేసి, నీళ్లు పోసి, కిటికీ వెలుతురులో పెట్టి రోజూ చూస్తూ వచ్చాను. చాలా రోజులు ఏమీ లేదు. ఒక ఉదయం క్లాసుకి వెళ్లబోతూ చూస్తే, గుల్ల నోట్లోంచి గాజుపోగుల్లాంటి రెండు కాళ్లు బయటికి వచ్చి తడుముతున్నాయి. క్లాసుకి వెళ్లలేదు. పిల్లలే నన్ను వెతుక్కుంటూ ల్యాబుకి వచ్చారు. వాళ్లకీ చూపించాను.

ఇంకా పెద్ద మాట ఉంది, కూర్చుని చదవండి. ఈ జీవి రెండుగా చీలేముందు రేణువులు ఏరి కడుపులో దాచుకుంటుంది. తన కోసం కాదు, పుట్టబోయే కూతురి ఇంటికోసం. చీలేటప్పుడు వాటిని కూతురికి అందిస్తుంది. కూతురు వాటితో తన గుల్ల కట్టుకుంటుంది. మన తొట్టిలో ఉన్నది తెల్ల ఇసుక, కాబట్టి తల్లి గుల్లలు తెల్లవి. గున్నమ్మ పాదులో ఉన్నది ఇటుక పొడి. మా పళ్లెంలో పుట్టిన కూతురి గుల్ల ఎర్రగా ఉంది. దాని మెడ పక్కన, తల్లికి ఉన్న చోటే, అదే వంపుతో, ఎర్రటి కొమ్ము!

విజయ్‌కుమార్ గారు మైక్రోస్కోపు మీద వంగి చూస్తూ ఎంతకీ లేవలేదు. లేచి, "ఇది అంటుకున్న ముక్క కాదమ్మా. ఏ మట్టి ఇచ్చినా అదే ఇల్లు కడుతోంది. నాది తప్పు" అన్నారు. అని, తన గదిలోంచి మంచి కెమెరా తెచ్చి బిగించారు. తర్వాత పుట్టినవాటినీ వీడియో తీశాం. అన్నిటికీ కొమ్ముంది.

చూశారా? తొట్టి అలాగే ఉండి ఉంటే తెల్ల గుల్లలే దొరికేవి, ఆయన అనుమానం ఇంత గట్టిగా తీరేది కాదు. మీరు కడిగించబట్టే అవి ఎర్రమట్టికి చేరాయి. అయినా సరే, ఇంకెప్పుడూ కడగొద్దు!

మీ గర్వమే నన్ను ముంచిందని రాశాను. ఆ మాట అన్నందుకు నాకు చాలా బాధగా ఉంది. నాన్న పోయాక నా ప్రతి పరీక్ష ఫలితాన్నీ వీధిలో నిలబడి చదివింది మీరే. మీరు గట్టిగా చదవకపోతే నాకు అది పాసైనట్టే ఉండేది కాదు. ఈ ఉత్తరం దయచేసి గట్టిగా చదవండి. శంకరరావు బాబాయిగారి కొట్టు దగ్గర, రద్దీగా ఉన్నప్పుడు.

అనూరాధ గారికి జరిగింది జరిగినట్టు రాసేశాను, నా అబద్ధంతో సహా. ఆవిడ పడీ పడీ నవ్వారట. మిమ్మల్ని ఒకసారి చూడాలన్నారు. చేపలు తింటారట.

మీ
రూబీ


పాతపట్నం
5 నవంబరు 2023

ఉత్తరం చదివి చదివి గొంతు పోయిన పెదనాన్న, రూబీకి వ్రాయునది.

కొట్టు దగ్గర చదివాను, గుడిలో చదివాను, గున్నమ్మ ఇంటి ముందు చదివాను. విక్టర్ పాతపట్నం స్టాండులో డ్రైవర్లందరికీ చెప్పాడు, సీసాలు తాను మెల్లగా తేబట్టే బతికాయంటున్నాడు.

కూతురి ఇంటికోసం రేణువులు దాచిపెడుతుందన్న చోట మీ పెద్దమ్మ చదవడం ఆపమంది. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ చదవమంది.

తొట్టి పక్కన ఒక బోర్డు పెట్టించాను. "ఈ తొట్టిలో బ్లీచింగు వాడరాదు. సంఘపెద్ద ఆజ్ఞ." దాన్ని చూసి శంకరరావు, "ఎవులికి ఆజ్ఞ కాంపౌండరుగారూ, మీకేనా?" అన్నాడు. అవునన్నాను. గున్నమ్మ పాదులోంచి గంపెడు మట్టి తెచ్చి మెట్ల మూలల్లో మళ్లీ వేశాం. బోరు నీళ్లు మార్చి బావి నీళ్లు పట్టాం. పట్టుకుంటాయో లేదో దేవుని చిత్తం.

మీ పెదనాన్న
బి. జీవరత్నం


విజయనగరం
23 జూన్ 2024

పెదనాన్నగారికి, పెద్దమ్మకి వందనాలు.

వ్యాసం ఒప్పుకున్నారు! అనూరాధ గారు ఇతర దేశాలవాళ్లకి కూడా చూపించారు. ఇది లోకంలో ఎవరూ ఇంతవరకు పేరు పెట్టని జాతేనని తేలింది. ఈ చలికాలంలోగా అచ్చవుతుంది. మీరు మార్చిలో పంపిన తొట్టి పాకుడులో కూడా బతికున్నవి కనపడ్డాయి. మళ్లీ అక్కడ కాపురం పెట్టాయి.

పేరు పెట్టే హక్కు నాదేనన్నారు. మనిషి పేరు పెట్టవచ్చు. నేను మీ పేరు పెడదామనుకుంటున్నాను. డిఫ్లూజియా జీవరత్నమి. డిఫ్లూజియా అనేది వాటి కుటుంబం పేరు లాంటిది, రెండోది మీది. పేరు చివర దాన్ని కనుక్కున్నవాళ్ల ఇంటిపేరు కూడా రాయడం ఆనవాయితీ. ఇన్నాళ్లూ బి. రూబీ అని రాసుకునేదాన్ని, ఈ వ్యాసంలో మాత్రం బోనెల రూబీ అని పూర్తిగా రాశాను.

మీకు సమ్మతమేనా? అచ్చుకి పంపేలోగా రాయండి.

మీ
రూబీ


పాతపట్నం
7 జూలై 2024

నా బంగారు తల్లి రూబీకి,

జిగట విరేచనాల కాంపౌండరు పేరు అమీబాకి పెడతావా? ఇది సన్మానమా, శిక్షా అని శంకరరావు అడిగాడు. నేను రెండూ అన్నాను.

నిజం చెప్తున్నాను, నాకు చాలా ఆశ కలిగింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు. నడుస్తూ నడుస్తూ గున్నమ్మ ఇంటి దాకా వెళ్లి, ఆవిడకీ చెప్పాను. సంతోషంగా విన్నది. "మంచిదే బాబూ. మీ పేరు దేశదేశాలకీ ఎల్తాది" అంది. పాదులోంచి బచ్చలాకు కోసి ఇచ్చింది. ఆ ఆకు చేతిలో పట్టుకుని ఇంటికి వస్తుంటే నాకు మనసు ఊరుకోలేదు. చంపినవాడి పేరు పెట్టి, బతికించిన మనిషి పేరు వదిలేస్తే అదేం న్యాయం? వెనక్కి వెళ్లాను.

"గున్నమ్మా, దానికి నీ పేరు ఎడతామంటే ఏటంటావు?"

"నా పేరేటి బాబూ, నానేటి సేసినాను? ఎరువనుకుని ఎత్తుకెల్లినాను." బచ్చలితీగ సర్దుతూ అడిగింది. "అది కంటికి అగుపడదన్నారు గదా?"

"అగుపడదు."

"మరైతే దిష్టి తగల్దు. ఎట్టమనండి."

కాబట్టి గున్నమ్మ పేరు పెట్టు. వ్యాసంలో ఆవిడ ఊరు, వీధి కూడా రాయడానికి వీలుంటే రాయి. నాకు పేరు పోయిందన్న బాధ లేదు. ఎందుకు లేదో చెప్తాను.

ఇంటిపేరు పూర్తిగా రాశానని నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నావు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మా నాన్న, మీ తాత, ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే పోయాడు. గోదాముల దగ్గర బస్తాలు మోశాడు. ఆయనకి ఒక ఇంటిపేరు ఉందని మన గుడి రిజిస్టరుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. బజారులో ఆయన్ని "ఒరే" అని పిలిచేవారు, ఆయన "బాబూ" అని పరుగెత్తేవాడు. నేను ఉద్యోగంలో చేరాక నన్ను కాంపౌండరుగారూ అన్నారు. అదే పెద్ద ఎత్తు ఎక్కానని మురిసిపోయి, ఇంటిపేరుని ఒక పొడి అక్షరం చేసి సంతకం ముందు పెట్టుకున్నాను. దాన్ని విప్పి రాయాలని నాకెప్పుడూ తోచలేదు. రాస్తే ఎవరు చదువుతారు?

ఇప్పుడు ఏ దేశంలో ఎంతటి పండితుడైనా ఆ జీవి పేరు పూర్తిగా రాయాలంటే చివర మా నాన్న ఇంటిపేరు రాయాలి. ఆదివారం గుడిలో నిలబడి ఇది చెప్పబోయాను. ఆ వాక్యం దగ్గరే మళ్లీ ఆగిపోయాను. పాస్టరుగారు నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని చదివారు.

నాకు చాలా గర్వంగా ఉందమ్మా.

మీ పెదనాన్న
బోనెల జీవరత్నం